సోడియం గీత మంటలో పసుపు, సూర్యుడి వర్ణపటంలో నలుపు: ఎందుకు?

ప్రశ్న
డిగ్రీలో భౌతికశాస్త్రం చదువుతున్నాను. స్టవ్ మంట మీద చిటికెడు ఉప్పు చల్లితే కనిపించే పసుపు రంగులో 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర రెండు గీతలు ఉంటాయి. సూర్యుడి వర్ణపటంలో (కాంతిని రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీలో) సరిగ్గా అక్కడే రెండు నల్ల గీతలు కనిపిస్తాయి. సోడియం పరమాణువు తాను గ్రహించిన కాంతిని సుమారు 16 నానోసెకన్లలో తిరిగి వదిలేస్తుందని చదివాను. తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తుంటే అక్కడ నలుపు ఎలా మిగులుతుందో అంతు చిక్కడం లేదు.

మొదటి సమాధానం
మీకు సందేహం రావలసిన చోటే వచ్చింది. పరమాణువు కాంతిని తిరిగి ఇస్తుంది కానీ, మన వైపు వస్తున్న కాంతి కణమైన ఫోటాన్‌ను పట్టుకుని ఏ దిక్కుకైనా వదలగలదు కనుక మన కంటికి చేరేది తగ్గిపోతుంది. సూర్యుడిలో ఇంకొకటి కూడా ఉంది: పక్క రంగుల కాంతి లోపలి వేడి పొర నుంచి వస్తే, ఆ గీత దగ్గరి కాంతి పైనున్న చల్లటి పొర నుంచి వస్తుంది. కాబట్టి ఆ గీత పూర్తి చీకటి కాదు, పక్కనున్న వెలుగు ముందు నల్లగా తోస్తుంది. ల్యాబ్‌లో న్యూటన్ వలయాల ప్రయోగానికి వాడే సోడియం దీపం ముందు, మీ అధ్యాపకుల సమక్షంలో, ఉప్పు చల్లిన మంటను పెట్టి చూడండి. అంతవరకు పసుపుగా మెరిసిన మంట నల్లటి పొగలా కనిపిస్తుంది.

రెండో సమాధానం
దీనికి మన నేలతో ముడిపడిన ఉదాహరణ ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఖగోళ శాస్త్రవేత్తలు జాన్సెన్ గుంటూరు నుంచి, పోగ్సన్ మచిలీపట్నం నుంచి పరిశీలించారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో నాడు మెరిసిన పసుపు గీత సోడియం గీతలకు పక్కనే, 587.6 నానోమీటర్ల దగ్గర ఉంది, అది హీలియంది. మామూలు సూర్యకాంతిలో ఆ చోట స్పష్టమైన నల్ల గీత కనిపించదు. పరమాణువు తానున్న శక్తి స్థాయి నుంచే కాంతిని గ్రహించగలదు. సోడియం గీతలు అట్టడుగు స్థాయి నుంచే మొదలవుతాయి. హీలియం పసుపు గీతకు మాత్రం ఎలక్ట్రాన్ ముందుగానే, శక్తి కొలమానంలో చెప్పాలంటే, అట్టడుగు స్థాయికి సుమారు 21 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తులో ఉండాలి. సూర్యుడి ఉపరితలం ఉండే సుమారు 5,800 కెల్విన్ల దగ్గర అలాంటి పరమాణువులు దాదాపు ఉండవు.

ప్రశ్న అడిగినవారు
అలాగైతే హైడ్రోజన్ ఎర్ర గీత, 656.3 నానోమీటర్లది, నల్లగా ఎందుకు కనిపిస్తుంది? దానికీ ఎలక్ట్రాన్ 10.2 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తులో ఉండాలి కదా?

రెండో సమాధానం ఇచ్చినవారు
ఆ ఉష్ణోగ్రత దగ్గర నూరు కోట్ల హైడ్రోజన్ పరమాణువుల్లో ఐదారు మాత్రమే ఆ స్థాయిలో ఉంటాయి. అయినా సూర్యుడిలో హైడ్రోజనే అత్యధికం కనుక, ఆ కొద్ది పాలే గీతను నల్లబరచడానికి చాలుతుంది.