ఆలస్యమైతే మిడజోలం ఎందుకు పనిచేయదు?

ప్రశ్న: ఫిట్స్ ఆపే మందు మిడజోలంను అవి మొదలైన 5 నిమిషాలకు ఇస్తే ఆగుతాయి, అరగంట దాటాక అదే డోసుకు లొంగవు. ఆ మందు పనిచేసే గాబా రిసెప్టర్లు (మెదడు కణాలను శాంతపరిచే సంకేతాన్ని అందుకునేవి) అక్కడే ఉంటాయిగా?

జవాబు: ఉండవు, అదే చిక్కు. ఫిట్స్ సాగేకొద్దీ సినాప్స్ (రెండు నాడీకణాలు కలిసే చోటు) దగ్గరి గాబా-ఏ రిసెప్టర్లను న్యూరాన్ (నాడీకణం) లోపలికి లాగేసుకుంటుంది. లోపల క్లోరైడ్ పేరుకుంటే, మిగిలినవి తెరుచుకున్నా బ్రేకు సరిగా పడదు. కణాన్ని ఉత్తేజపరిచే ఎన్‌ఎండీఏ రిసెప్టర్లేమో పైకి చేరతాయి. మొండి కేసుల్లో వాటిని అడ్డుకునే కెటమిన్ వాడేది అందుకే.

జవాబు: థియరీ సరే, అసలు ఎక్కువగా జరిగేది డోసు తక్కువవడం. ముక్కులో స్ప్రే అయితే కిలో బరువుకు 0.2 మి.గ్రా., గరిష్ఠం 10 మి.గ్రా. పఫ్‌కు ఎంతో సీసా మీద చూసి లెక్కేయాలి. మొత్తం ఒకే రంధ్రంలో కొడితే గొంతులోకి జారిపోతుంది, రెండు రంధ్రాల్లో సగం సగం కొట్టాలి.

జవాబు: మందుల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి: డ్రావే సిండ్రోమ్ (పసితనంలోనే మొదలయ్యే జన్యుపరమైన మొండి ఫిట్స్ జబ్బు) పిల్లలకు రోజూ వాడే ఫిట్స్ మందుగా కార్బమజెపైన్ వద్దు. సోడియం ఛానల్ జన్యువు ఎస్‌సీఎన్1ఏ లోపంతో ముందే నీరసించిన నిరోధక న్యూరాన్ల సోడియం ఛానళ్లను అది ఇంకా మూసేస్తుంది, ఫిట్స్ పెరుగుతాయి.