అప్‌డేట్: మా చెల్లి ముందు పళ్ల సందుకు క్లిప్పులే ఖాయం చేశాము

పై ముందు పళ్ల నడుమ సందు ఉన్న మా చెల్లికి క్లిప్పులు వేయించాలా, కాంపోజిట్ అనే పంటి రంగు పదార్థంతో ఒక్క పూటలో పూడ్పించాలా అని ఇంతకుముందు అడిగాను. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దంత వైద్య కళాశాలకు తీసుకెళ్లి చూపించాము.

డాక్టరు గారు ముందుగా చిగుళ్ల జబ్బు లేదని నిర్ధారించుకుని, ఆ తరువాత పై పెదవిని పైకి లాగి పట్టుకోగా, రెండు పళ్ల మధ్య చిగుళ్లు తెల్లగా పాలిపోవడం అద్దంలో మాకూ కనిపించింది. పెదవిని చిగుళ్లకు కలిపే ఫ్రీనం అనే పొర పళ్ల నడుమ దాకా దిగి ఉంటే అలా అవుతుందని, సందుకు అదే కారణం కావచ్చని చెప్పారు.

కాంపోజిట్‌కు పంటిని అరగదీయాల్సిన అవసరం పెద్దగా ఉండదు కానీ, సందు వెడల్పుగా ఉంటే పళ్లు మరీ పెద్దవిగా కనిపిస్తాయి, టీ మరకలు పట్టి కొన్నేళ్లకు మళ్లీ చేయించాల్సి వస్తుంది. పంటి ముందువైపు అతికించే పలుచని పలకల్లాంటి వెనీర్లకు సాధారణంగా పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్ కొంత తీస్తారు, అది తిరిగి రాదు కనుక, ఆరోగ్యంగా ఉన్న పళ్లను ముట్టుకోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు. పళ్లను మెల్లగా జరిపే, తీసి పెట్టుకోగల పారదర్శక తొడుగులైన అలైనర్లు రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి, అది తన వల్ల కాదని చెల్లే చెప్పింది.

సందు మూసుకోవడానికి పళ్లకు రబ్బరు బ్యాండు చుట్టుకోమని అప్పుడు వచ్చిన సలహాను మాత్రం దయచేసి ఎవరూ పాటించవద్దు; అది చిగుళ్ల కిందికి జారి, వేరు చుట్టూ ఎముకను దెబ్బతీసి, మంచి పళ్లనే ఊడగొట్టగలదు.

క్లిప్పులతో సందు మూసుకున్నాక ఫ్రీనం కోసి, పళ్లు మళ్లీ విడిపోకుండా వెనుకవైపు సన్నని తీగను శాశ్వతంగా అతికిస్తారు.