రోత, వెగటు, గలీజు: మీ ఊళ్లో ఏది దేనికి వాడతారు?

కడప, కర్నూలు, అనంతపురం వాళ్లకు ఒక ప్రశ్న. అసహ్యాన్ని చెప్పే మాటల పట్టిక రాస్తున్నాను. పుట్టుక వరకు ఇబ్బంది లేదు. కోయు నుంచి కోత, మేయు నుంచి మేత వచ్చినట్టే రోయు నుంచి రోత. అసహ్యం అంటే సంస్కృతంలో సహించరానిది, అంతే. ఓకరింపు అర్థం మనం చేర్చుకున్నదే. జుగుప్సకు ధాతువు గుప్, అంటే కాపాడు. దానికి సన్ అనే ప్రత్యయం (సంస్కృతంలో మామూలుగా కోరికను తెలిపేది) చేరగానే ఈసడించుకోవడం అయింది (కాపాడేది కాస్తా ముక్కు మూసుకుంది!). గలీజు అరబ్బీ మాట; అక్కడ మొదటి అర్థం చిక్కనిది, మోటుది.

చిక్కంతా వాడుకలోనే. "అసహ్యానికి ఏమంటారు?" అని అడిగితే అందరూ పుస్తకం మాటే చెప్తారు. అందుకే సందర్భాలిస్తున్నాను: నెయ్యి ఎక్కువైన పాయసం నాలుగో గరిటె, బీరువా వెనక చచ్చిన ఎలుక, బూతులు మాట్లాడే మనిషి. మూడింటికీ ఒకే మాటా, వేర్వేరా? పాయసానికి మొహం మొత్తిందంటే అది విసుగే, రోత కాదు. వెగటు ఈ రెంటికీ మధ్యది అనుకుంటున్నాను. గలీజు మనిషికి కూడా వాడతారా, చోటుకేనా? ఇంట్లో పెద్దవాళ్ల నోట విన్న వాక్యం ఉన్నదున్నట్టు, ఊరి పేరుతో రాయండి. ఒంటి మాట రాస్తే అర్థం తేలదు.