పాత ల్యాప్‌టాప్ తెరతో ఫొటో ఫ్రేమ్: లైటు వస్తోంది, బొమ్మ రావట్లేదు

కొత్తచెయ్యి:
పొద్దుట్నుంచి దీనితోనే కుస్తీ. పాత ల్యాప్‌టాప్ తెర ఊడదీసి, తెరని నడిపే బోర్డొకటి ఆన్‌లైన్‌లో కొని తగిలించి, హాల్లో ఫొటో ఫ్రేమ్‌లా పెడదామనుకున్నా. పవరిస్తే తెరంతా తెల్లగా వెలుగుతుంది, అంతే. కేబుల్ నాలుగుసార్లు తీసి పెట్టా. ఫర్మ్‌వేర్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) మూడు రకాలు ఎక్కించా. పోయింది తెరా, బోర్డా?

టంకం:
తెర వెనక స్టిక్కర్ మీది నంబరు. బోర్డు నంబరు. అడాప్టర్ వోల్టులు.

నిలువుపటం:
ముందు అడ్డంగా పెడతారో నిలువుగా పెడతారో తేల్చుకోండి. పాత ల్యాప్‌టాప్ తెరలు చాలావరకు టీఎన్ అనే ఎల్‌సీడీ రకం, కింద నుంచి చూస్తే రంగులు తిరగబడతాయి. నిలువుగా తిప్పితే ఆ లోపం పక్కకి వస్తుంది, సోఫాకి ఓ చివర కూర్చున్నవాళ్లకి మొహాలు నెగెటివ్‌లా కనిపిస్తాయి. ఇక ఫొటోల కొలత. 1366×768 తెర మీద 4:3 ఫొటోకి దక్కేది 1024×768. రెండు పక్కలా 171 పిక్సెళ్ల నల్లపట్టీ మిగులుతుంది. అది నచ్చకపోతే ముందే కత్తిరించుకోవాలి. 12 మెగాపిక్సెళ్ల ఫైళ్లు అలాగే వేస్తే ఈ బోర్డులు నత్తనడకే. ప్రోగ్రెసివ్ జేపెగ్‌లని (మసకగా మొదలై మెల్లగా స్పష్టమయ్యే రకం) కొన్ని అసలు తెరవవు.

కొత్తచెయ్యి:
ముందు బొమ్మంటూ రానివ్వండి సార్. టంకం గారూ, 15.6 అంగుళాల ఎల్ఈడీ తెర. అడాప్టర్ 12 వోల్టులు, 3 ఆంపియర్లు.

టంకం:
నంబరు అడిగాను.

పాతబంగారం:
ఇన్వర్టర్ పోయుంటుంది. మార్చి చూడు బాబూ.

కొత్తచెయ్యి:
కరెంటుంది కదండీ, ఇన్వర్టర్ ఎందుకు?

పాతబంగారం:
ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ కాదయ్యా. తెర కింద సన్నగా, పొడుగ్గా ఉండే చిన్న బోర్డు.

వోల్టుమీటర్:
అది వెనక లైటుగా సీసీఎఫ్ఎల్ అనే సన్నటి ట్యూబున్న పాత తెరలకి. ట్యూబుకి వందల వోల్టుల ఏసీ కావాలి కాబట్టి ఇన్వర్టర్. ఎల్ఈడీ తెరకి అది ఉండదు. పైగా లైటు వెలుగుతోందంటున్నాడు.

పాతబంగారం:
ఎల్ఈడీకీ వోల్టేజి పెంచే సర్క్యూట్ ఉంటుందిగా. దాన్నేమంటారు మరి?

వోల్టుమీటర్:
డ్రైవర్. డీసీని డీసీగానే పెంచుతుంది. ఏసీ చేస్తేనే ఇన్వర్టర్.

పాతబంగారం:
షాపులో దేన్నైనా ఇన్వర్టరే అంటారు.

కొత్తచెయ్యి:
నంబరు దొరికింది: బీ156ఎక్స్‌డబ్ల్యూ02 వీ2. బోర్డు వీ59. 40 పిన్నుల కేబుల్.

వోల్టుమీటర్:
ఇది మొదటి పోస్టులోనే రాసుంటే పొద్దున్నే తేలిపోయేది. అది ఎల్‌వీడీఎస్ (తెరకి బొమ్మ సిగ్నల్ పంపే పాత పద్ధతి) తెరే, మీ బోర్డుకి సరిపోతుంది. 30 పిన్నుల ఈడీపీ (కొత్త పద్ధతి) తెరైతే ఈ బోర్డుతో లాభం లేదు. టీఎన్ తెరకి లోపలి వోల్టేజి అందకపోతే వెనక లైటు అడ్డు లేకుండా బయటికొచ్చి తెల్లగా కనిపిస్తుంది. ఫర్మ్‌వేర్ తప్పయితే మామూలుగా రంగులు చెడతాయి, లేదా బొమ్మ రెండుగా చీలుతుంది. అందుకే నా అనుమానం జంపర్ మీద, అంటే రెండు పిన్నుల్ని కలిపే చిన్న తొడుగు మీద. బోర్డు మీద 3.3, 5, 12 అని మూడు జతల పిన్నులుంటాయి. తెరకి వెళ్లే వోల్టేజి అక్కడే ఎంచుకోవాలి. మీకు కావాల్సింది 3.3. పొరపాటున 12 మీద పెడితే తెర మీద ఆశ వదులుకోవడమే.

ముందు అడాప్టర్ తీయండి, తెర కేబుల్ తీయండి. జంపర్ 3.3 మీద పెట్టి, మళ్లీ పవరిచ్చి, మల్టీమీటర్ నల్లతీగ హెచ్‌డీఎమ్ఐ సాకెట్ లోహానికి, ఎర్రతీగ జంపర్‌కి ఆనించి చూడండి. 3.3 వచ్చాకే, పవర్ తీసి కేబుల్ పెట్టండి. కేబుల్ సింగిల్ 6 బిట్‌ది (ఒకే ఛానెల్, ఒక్కో రంగుకి 6 బిట్లు) కావాలి. ఫర్మ్‌వేర్ కూడా 1366×768, సింగిల్ 6 బిట్. ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క ఫైలే ఉంచండి, ఫోల్డర్‌లో వద్దు. అది ఎక్కేటప్పుడు బోర్డు లైటు గబగబా మిణుకుతున్నంతసేపు పవర్ తీయొద్దు.

టంకం:
ల్యాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్ మాత్రం గుచ్చొద్దు.

కొత్తచెయ్యి:
జంపర్ ప్యాకెట్లోనే ఉండిపోయింది! పెట్టగానే వచ్చింది. థాంక్స్. కానీ సగం ఫొటోలు పక్కకి పడుకుని వస్తున్నాయి?

నిలువుపటం:
ఫోన్ ఫొటోని నిజంగా తిప్పదు. ఎటు తిప్పి చూపాలో ఎగ్జిఫ్‌లో (ఫొటో ఫైల్లోనే దాగుండే వివరాల్లో) గుర్తు రాసి వదిలేస్తుంది. బోర్డు ఆ గుర్తుని పట్టించుకోవడం లేదు. కంప్యూటర్లో తిప్పి, 1366×768లో పట్టేలా తగ్గించి, మామూలు జేపెగ్‌గా మళ్లీ సేవ్ చేయండి. ఇంతకీ అడ్డంగా పెట్టారా, నిలువుగానా?

పాతబంగారం:
టీవీ రిపేరు వాళ్లు కూడా ఇన్వర్టర్ బోర్డనే అంటారు.