హమమత్సుకి వస్తున్నాం, ఇల్లూ ఇరుగుపొరుగూ గురించి చెప్పండి

అందరికీ నమస్కారం. వచ్చే నెల నేనూ మా ఆవిడా జపాన్‌లోని హమమత్సు వస్తున్నాం. ఆఫీసులో ఇంగ్లిష్‌తో గడిచిపోతుందంటున్నారు. కంపెనీ చూపించిన ఇల్లు మాత్రం స్టేషన్‌కి దూరంగా, చుట్టూ జపాన్ వాళ్ళే ఉండే వీధిలో ఉంది. మా ఆవిడ శాకాహారి, డిపెండెంట్ వీసా. పగలంతా ఒక్కతే ఉండాలని టెన్షన్ పడుతోంది. టోక్యో నిషికసాయిలో మనవాళ్ళు బాగా ఉంటారట కదా, అక్కడ ఇల్లు తీసుకుని రోజూ షింకన్‌సెన్‌లో (బుల్లెట్ ట్రైన్) రావచ్చా? మిక్సీ తెచ్చుకోవాలా?

జవాబు 1

తమ్ముడూ, షింకన్‌సెన్ ఆలోచన మానుకోండి. వాటిలో అన్నిటికంటే వేగంగా వెళ్ళే నోజొమి ఇక్కడ ఆగదు. అన్ని స్టేషన్లలో ఆగే కొదామా ఎక్కితే టోక్యో నుంచి సుమారు రెండు గంటలు. ఆ వీధిలోనే ఉండండి. మేమూ అలాంటి వీధిలోనే తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాం.

ఇంట్లో దిగిన 14 రోజుల్లోపు వార్డు ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించాలి, ఇద్దరి రెసిడెన్స్ కార్డులూ పట్టుకెళ్ళండి. ఇలాంటివి మీ కంపెనీ వాళ్ళే చెప్తారు. వాళ్ళు చెప్పనిది చెత్త సంగతి.

వచ్చిన రెండో వారం నేను కొబ్బరిచిప్పలు, పెరుగు డబ్బా, నూనె సీసా అన్నీ ఒకే సంచీలో కట్టేసి, వీధి చివర కాకులు పీకకుండా కప్పే వల కింద పెట్టొచ్చాను. మధ్యాహ్నం చూస్తే అందరి సంచులూ వెళ్ళిపోయాయి. మాదొక్కటే మిగిలింది, నెత్తిన స్టిక్కరుతో. వీధిలో పరాయి దేశం వాళ్ళం మేమే, ఎవరిదని అడిగే పని కూడా లేదు! చీకటి పడ్డాక తెచ్చుకుందాంలే అని సిగ్గుతో కూర్చున్నా. ఈలోగా పక్కింటి మామ్మగారే ఆ సంచీ పట్టుకుని వచ్చారు. కోప్పడలేదు. మా చెప్పుల అలమర మీద చెత్త క్యాలెండర్ పరిచి, ఏ రోజు ఏది పెట్టాలో వేలితో చూపించారు. పెరుగు డబ్బా కడగాలని చెప్పడానికి ఉత్తి చేతులతోనే కడిగినట్టు, విదిల్చినట్టు, ఆరబెట్టినట్టు చేసి చూపించారు. ఇప్పుడు కొత్త క్యాలెండర్ రాగానే దేవుడి పటం కంటే ముందు అదే గోడకెక్కుతుంది.

అందుకే చెప్తున్నా, దిగిన వారంలోపే ఇద్దరూ కలిసి పరిచయానికి వెళ్ళండి. ఎదురుగా మూడిళ్ళు, అటూ ఇటూ ఒక్కోటి, వాళ్ళ పాత లెక్క అది. ఇంటికి 500 నుంచి 1,000 యెన్‌లలో చిన్న బిస్కెట్ల పెట్టె చాలు. ఖరీదైనది ఇస్తే తిరిగి ఏమివ్వాలా అని వాళ్ళకి ఇబ్బంది. మేం గొప్పగా పూతరేకులు పంచాం. ఎదురింటాయన కాగితం అనుకుని పొరలన్నీ జాగ్రత్తగా ఒలిచి, లోపల స్వీటు ఎక్కడుందా అని వెతికాడట.

కొన్నాళ్ళకి మీ గుమ్మంలో క్లిప్పు పెట్టిన అట్ట ఒకటి కనిపిస్తుంది. కైరాన్‌బాన్ అంటారు. భూకంపం డ్రిల్ ఎప్పుడు, కాలవ శుభ్రం చేసేదెప్పుడు, ఇలాంటి వీధి కబుర్లుంటాయి. చూసి, మీ పేరు దగ్గర గుర్తు పెట్టి పక్కింటికి ఇచ్చేయాలి. మాకిచ్చారేమో అనుకుని మేం వారం రోజులు అట్టిపెట్టుకున్నాం.

మిక్సీ: ఇక్కడ కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టులది మూలుగుతుంది తప్ప రుబ్బదు. అమెరికా వెళ్ళేవాళ్ళ కోసం అమ్మే 110 వోల్టులది తెచ్చుకోండి, కాస్త నెమ్మదిగా తిరుగుతుంది అంతే. రాత్రి పొద్దుపోయాక మాత్రం వేయకండి, గోడలు పలచన.

జవాబు 2

అక్క చెప్పినవన్నీ మాకూ అయ్యాయి. తిండి గురించి ఒక మాట. హోటల్లో ‘మాంసం వద్దు’ అంటే చాలదు. మిసో సూపులో, ఉడోన్ నూడుల్స్‌లో దాషి అనే రసం పోస్తారు, అది ఎక్కువగా చేపతో కాచిందే. నేనొకసారి వంకాయ అడిగితే, పైన పలచటి రేకులు వేడికి ప్రాణమున్నట్టు కదులుతూ వచ్చాయి. ఎండుచేప తురుము! ‘నికు, సకానా, దాషి నాషి’ (మాంసం, చేప, దాషి లేకుండా) అని మీ ఆవిడ చేత బట్టీ పట్టించండి. ఇంట్లో వండుకుంటే ఏ లోటూ లేదు. వంకాయ, ముల్లంగి దొరుకుతాయి, బెండకాయని ఇంగ్లిష్‌లో ఓక్రా అన్నట్టే ఇక్కడ ఒకురా అంటారు. సోనా మసూరి, కందిపప్పు ఇండియన్ షాపుల నుంచి ఇంటికే తెప్పించుకోవచ్చు. కరివేపాకు సూట్‌కేసులో పెట్టకండి. తనిఖీ సర్టిఫికెట్ లేని పచ్చి ఆకుని ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు.

జవాబు 3

నేనూ డిపెండెంట్‌గానే వచ్చాను. ఇమిగ్రేషన్ అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల దాకా పని చేసుకోవచ్చు, ఇంట్లోనే కూర్చోవాలని ఏం లేదు. భాషకి కూడా భయపడొద్దని చెప్పండి. ఇంగ్లిష్‌లో జపనీస్ నేర్పే పుస్తకం ముందేసుకున్నన్నాళ్ళూ నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. తెలుగులో అనుకోవడం మొదలుపెట్టాక దారిలో పడింది. ‘టోక్యో ని ఇకు’ అంటే ‘టోక్యోకి వెళ్తాను’. మాటల వరస మనదే, క్రియ చివరికే వస్తుంది. నేను ఎక్కువ నేర్చుకున్నది మాత్రం చెత్త పెట్టడానికి వెళ్ళినప్పుడు నిలబడి చెప్పుకునే కబుర్లలోనే.

(అడిగినవారు)

అందరికీ థాంక్సండీ. మా ఆవిడ ఇవన్నీ రెండుసార్లు చదివించుకుంది. 110 వోల్టుల మిక్సీ ఆర్డర్ పెట్టాం. అక్కా, పూతరేకులు మీకోసం తెస్తున్నాం.

జవాబు 1

రెండు పెట్టెలు తమ్ముడూ. ఎదురింటాయనకి ఇప్పుడు ఒలవకుండా తినడం వచ్చింది.