జగిత్యాల, నిజామాబాదు వైపు: దుబాయి పోకుండా ఊళ్లోనే నిలబడే పని ఏది? (చర్చ)

రాయికల్ డిగ్రీ:
అందరికీ నమస్కారం. నాతో చదువుకున్నవాళ్లలో సగం మంది ఇప్పటికే దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నారు. నాకు డిగ్రీ పూర్తయి ఏడాది దాటింది. వీసాకూ టికెట్టుకూ కలిపి నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తేవడానికి నాన్న సిద్ధంగా ఉన్నాడు. అదే సొమ్ము ఇక్కడ పెట్టి బతకలేనా అన్నది నా ప్రశ్న. మాకు రెండెకరాల పసుపు ఉంది. పసుపు పొడి యూనిట్ పెడితే ఎలా ఉంటుంది, బ్యాంకు లోను దొరుకుతుందా, మూతపడ్డ ముత్యంపేట నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీ తెరిస్తే మా వైపు కొలువులు వస్తాయా, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లకు పథకాలు ఏమైనా ఉన్నాయా, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

మస్కట్ మేస్త్రి:
తమ్ముడూ, మిగతావన్నీ తరువాత, ముందు ఆ వీసా ఏ రకమో అడుగు. ఆజాద్ వీసా, అంటే అక్కడ దిగాక పని మనమే వెతుక్కోవాల్సిన వీసా అయితే, ఆ ఏజెంటు ఇంటి గడప కూడా మళ్లీ తొక్కకు. నన్ను పంపిన ఏజెంటు సూపర్‌మార్కెట్‌లో ప్యాకింగ్ పని అని చెప్పాడు, దిగాక మండుటెండలో షట్టరింగ్ పనిలో పెట్టారు. పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర ఉండిపోవడంతో పారిపోయి, ఖల్లివెల్లిగా, అంటే కాగితాలు లేని కూలీగా మారి, జ్వరం వచ్చినా ఆసుపత్రికి పోలేక బతికినవాళ్లను మా క్యాంపులో చూశాను. రిజిస్టరైన ఏజెంటు సేవా రుసుము కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప ఎక్కువ తీసుకోకూడదని కేంద్రం నిబంధన ఉంది. మీ నాన్నను ఎంత అడుగుతున్నారో దీనితో పోల్చి చూసుకో.

చెరుకు బిడ్డ, మల్లాపూర్:
రాయికల్ తమ్ముడు అడిగిన వాటిలో అసలైనది ముత్యంపేట ప్రశ్న. 1937లో బోధన్‌లో మొదలైన నిజాం షుగర్స్ ఈ ప్రాంతాన్ని ఎన్నో దశాబ్దాలు పోషించింది. 2002లో 51 శాతం వాటాను ప్రైవేటు చేతికి ఇచ్చారు, 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడింటికీ తాళం పడింది. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో మా మండలంలో లారీ ఉన్నవాడికి, ట్రాక్టరు ఉన్నవాడికి, చివరకు గేటు ముందు హోటలు పెట్టుకున్నవాడికి కూడా చేతినిండా పని ఉండేది. ఒక్క ఫ్యాక్టరీని కాపాడుకుని ఉంటే ఇన్ని ఊళ్లు బొంబాయి బస్సు ఎక్కేవి కావు.

వరికోత:
పైన రాసిన అన్నను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. ఫ్యాక్టరీ నడిచిన కాలంలో కూడా మా ఇంట్లో ఇద్దరు గల్ఫ్‌లోనే ఉన్నారు. వలసలు తాళం పడ్డ తరువాత మొదలైనవి కావు. ఇప్పుడు తెరిచినా గానుగకు చెరుకు ఎక్కడిది? చెరుకు ఏడాది పంట, నరకడానికి కూలీలు దొరకరు, డబ్బు ఫ్యాక్టరీ ఇచ్చినప్పుడే వస్తుంది. వరి అయితే నాలుగు నెలల్లో చేతికొస్తుంది, హార్వెస్టరు కోస్తుంది, ఊళ్లోనే కొనుగోలు కేంద్రంలో కాంటా అవుతుంది. రైతు వరికి మారింది తన లెక్క చూసుకునే. క్రషింగు నడిచేదే ఏడాదిలో నాలుగైదు నెలలు, డిగ్రీ చదివిన పిల్లవాడికి అందులో ఎంత చోటు ఉంటుందో మీరే చెప్పండి.

చెరుకు బిడ్డ, మల్లాపూర్:
చెరుకు ఎక్కడిదని అడగడం సులువే. ఫ్యాక్టరీ మూసేసి, చెరుకును కామారెడ్డి వైపు లారీల్లో తోలుకోమంటే రైతు పంట మానేయక ఏం చేస్తాడు? మూసినవాళ్లను వదిలేసి రైతును తప్పుపట్టే మాటలు విని విసుగొచ్చింది. మీకు కొనుగోలు కేంద్రం కనిపిస్తోంది. తాలు పేరుతో, తేమ పేరుతో బస్తాకు ఎంత కోస్తున్నారో ఎందుకు రాయరు?

వరికోత:
నేను రైతును తప్పుపట్టలేదు, రైతు నిర్ణయం సరైనదని రాశాను. రాసినది చదవకుండా కోపం తెచ్చుకుంటే చర్చ ముందుకు సాగదు. తరుగు కోసే అన్యాయం నిజమే. దాని మీద వేరే పోస్టు పెట్టండి, నేను కూడా రాస్తాను. ఇక్కడ ఒక పిల్లవాడు అప్పు తీర్చుకోగల పని అడుగుతున్నాడు.

విశ్రాంత మేనేజరు:
గ్రామీణ బ్రాంచీల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఈ చర్చలో రాసినవాళ్లలో లోను ఫైలును మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటున్నాను, అందుకే వివరంగా రాస్తున్నాను. సొంత యూనిట్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం ఇచ్చే లోను పథకం పీఎంఈజీపీలో గ్రామీణ ప్రాంతానికి సాధారణ వర్గాలకు 25 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు, మహిళలకు 35 శాతం సబ్సిడీ ఉంటుంది. ఆ సబ్సిడీ మీ చేతికి రాదు. మీ పేరున బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నిజంగా నడుస్తోందని తేలాకే అప్పులో జమ అవుతుంది. ఇది తెలియక సబ్సిడీ సొమ్ముతో చెల్లి పెళ్లి చేద్దామనుకుని వచ్చినవాళ్లు ఎందరో. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఒక పరిమితి దాకా పూచీకత్తు అడగకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. అది చూపించి అడగండి.

పసుపు పొడి యూనిట్ల విషయానికి వస్తే, నేను చూసిన వాటిలో చాలావరకు మూతపడింది యంత్రం వల్ల కాదు, సరుకు వల్ల. కొత్త పసుపు మార్కెట్‌కు ముమ్మరంగా వచ్చేది జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా. ఏడాదంతా పొడి అమ్మాలంటే ఆ రోజుల్లోనే కొని నిల్వ పెట్టుకోవాలి. పిండి మర ధర కంటే ఆ నిల్వకు అయ్యే పెట్టుబడి ఎన్నో రెట్లు ఎక్కువ. కుర్రవాళ్లు యంత్రాలకు ఇచ్చే టర్మ్ లోను ఒక్కటే అడిగి, సరుకు కొనడానికి కావలసిన వర్కింగ్ క్యాపిటల్ మాట మరిచిపోతారు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల సంగతి మరీ ఘోరం, తెచ్చిన సొమ్మంతా స్లాబుకే పోస్తారు.

జెబెల్ అలీ నుంచి ఇంటికి:
మేనేజరు గారూ, ఆ ఆఖరి వాక్యం వెనక్కి తీసుకోండి. మా నాన్న పెంకుటింట్లో పోయాడు, అమ్మకు స్లాబు వేశాను, అందులో సిగ్గుపడేదేమీ లేదు. ఇల్లు కట్టగా మిగిలిన సొమ్ముతో డెయిరీ పెడదామని బ్యాంకుకు వెళితే, గత మూడేళ్ల ఆదాయపు పన్ను కాగితాలు అడిగి పంపించేశారు. ఎడారిలో లేబరు పని చేసినవాడికి ఇక్కడ ఆ కాగితాలు ఎక్కడివి? కేరళలో ప్రవాసులకంటూ 1996లోనే ప్రత్యేక శాఖ పెట్టారు. తిరిగొచ్చినవాళ్లు పెట్టుకునే యూనిట్‌కు నోర్కా అనే ఆ శాఖ ద్వారా 15 శాతం, గరిష్ఠంగా 3 లక్షల దాకా పెట్టుబడి సబ్సిడీ ఇస్తున్నారు. మన దగ్గర గల్ఫ్‌లో చనిపోతే 5 లక్షలు ఇస్తామన్నారు, అది అవసరమే, కాదనను. బతికి తిరిగొచ్చినవాడికి కూడా ఒక దారి చూపండి అనే నేను అడుగుతున్నాను.

విశ్రాంత మేనేజరు:
వెనక్కి తీసుకోవలసినదేమీ నేను రాయలేదు, అనుభవమే చెప్పాను. అయితే ఐటీ రిటర్నులు లేవన్న ఒక్క కారణంతో చిన్న డెయిరీ లోను తిప్పి పంపడం సరికాదు. రాతపూర్వకంగా కారణం అడిగి, జిల్లాలోని బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజరుకు ఫిర్యాదు ఇవ్వండి.

మెట్‌పల్లి అక్క:
ఇంతసేపు చదివాను, ఆడవాళ్ల మాట ఎవ్వరూ ఎత్తలేదు. మీరు దుబాయిలో ఉన్నప్పుడు మిత్తి కట్టింది మేము చుట్టిన బీడీలతోనే. ఊళ్లోనే పని అంటే అది మాకు ఎప్పటినుంచో ఉంది, నడుము వంగిపోయే పని. మా సంఘంలో కుట్టు శిక్షణ ఇచ్చారు, మిషన్లు ఇచ్చారు, సర్టిఫికెట్లు ఇచ్చారు. బడి యూనిఫాంల పని వచ్చినప్పుడు రాత్రింబవళ్లు కుడతాం, జూన్ దాటితే మిషన్ల మీద గుడ్డ కప్పేస్తాం. శిక్షణ ఇచ్చే ప్రతి పథకంలోనూ సరుకు కొనేవాడెవడో ముందే రాసి ఉండాలని నా డిమాండు.

సాంచెల సందు, సిరిసిల్ల:
అక్క అన్నది అక్షరాలా నిజం. 2017 నుంచి సర్కారు బతుకమ్మ చీరల ఆర్డరుతో మా సాంచెలు (మరమగ్గాలు) ఆడాయి, వాటిని నడిపించే ఆసాములు కొత్తవి కూడా కొన్నారు. ఆ ఆర్డరు ఆగగానే మగ్గాలు ఆగాయి, కార్మికులు మళ్లీ మహారాష్ట్రలోని భివండి దారి పట్టారు. తరువాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చింది, ఊపిరి పీల్చుకున్నాం. కొనేవాడు ఒక్కడే అయితే, వాడు సర్కారైనా సేఠ్ అయినా, మన బతుకు వాడి సంతకం కింద ఉంటుంది. పెద్దూరు అపెరల్ పార్కు లాంటివి ఇంకా రావాలి. బయటి మార్కెట్‌కు పనికొచ్చే బట్ట నేయడం మేమూ నేర్చుకోవాలి.

ఆర్మూర్ బాయిలర్:
రాయికల్ తమ్ముడి పసుపు దగ్గరకు తిరిగి వస్తున్నాను. పొడి యూనిట్ కంటే ముందు మెట్టు ఒకటుంది, దాన్ని అందరూ దాటేస్తున్నారు. మేము నలుగురం కలిసి ఆవిరి బాయిలర్ ట్రాలీ కొన్నాం, తవ్వకాల కాలంలో చేను చేనుకూ తీసుకుపోయి కిరాయికి ఉడకబెడతాం. నైపుణ్యమంతా ఎప్పుడు దించాలన్న దాంట్లోనే ఉంది. నురగ పైకి వచ్చి వాసన మారాలి, పుల్ల గుచ్చితే మెత్తగా దిగాలి. ఎక్కువ ఉడికితే రంగు పోతుంది, తక్కువ ఉడికితే పాలిషింగ్ డ్రమ్ములో విరిగిపోతుంది. కల్లంలో పది, పదిహేను రోజులు ఎండాక కొమ్ము విరిస్తే ఖంగుమనాలి. క్వింటా పచ్చి పసుపుకు ఎండినది ఇరవై కిలోలకు కాస్త అటూ ఇటూ దిగుతుంది. అందుకే తప్పుగా ఉడికిస్తే రైతుకు తొమ్మిది నెలల కష్టం పోతుంది.

మన సరుకు ముడిగానే మహారాష్ట్రలోని సాంగ్లీకి, తమిళనాడులోని ఈరోడుకు పోయి, అక్కడ గ్రేడు చేసి, పేరు వేసి అమ్ముతున్నారు. సాంగ్లీ, ఈరోడు పసుపులకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదులో 185 మంది పోటీ చేశారంటే, వాళ్లలో ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులంటే, దాని వెనుక ఈ కడుపుమంటే ఉంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మన నిజామాబాదులో మొదలైంది. ఉడకబెట్టే, గ్రేడు చేసే, పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ ఎంతుందో పరీక్షించే పనులు మండల మండలానికీ రావాలని ఇప్పుడు పట్టుబట్టి అడగవలసిన సమయం.

చెరుకు బిడ్డ, మల్లాపూర్:
బోర్డు పంట కొనదు, మద్దతు ధర కూడా ఇవ్వదు. ఫ్యాక్టరీ అయితే కొంటుంది. మీరు ఎన్ని చెప్పినా నా మాట మారదు.

రాయికల్ డిగ్రీ:
అన్నలకూ అక్కకూ ధన్యవాదాలు. బాయిలర్ అన్నా, పసుపు ఉడకబెట్టే పని మూడు నెలలే కదా, మిగతా కాలం ఏం చేస్తున్నారు? మేనేజరు గారూ, నాన్న పేరున పాత పంట రుణం బాకీ ఉంది, నా లోనుకు అది అడ్డం వస్తుందా?

విశ్రాంత మేనేజరు:
మీరు విడిగా దరఖాస్తు చేస్తే మీ సిబిల్ (అప్పుల చెల్లింపు చరిత్ర) చూస్తారు. భూమి నాన్న పేరున ఉంటే, షెడ్డు స్థలానికి లీజు పత్రం రాయించుకుని తీసుకెళ్లండి. ఉడకబెట్టే కూలి, పాలిషింగ్ కూలి కలిపి సేవా రంగం కింద ప్రాజెక్టు రిపోర్టు తయారుచేయించండి.

ఆర్మూర్ బాయిలర్:
ఏప్రిల్ నుంచి పాలిషింగ్ డ్రమ్ము నడుస్తుంది, వానాకాలంలో పసుపు విత్తే యంత్రం కిరాయికి తిప్పుతాం, ఆ తరువాత మక్కల షెల్లరు ఉంటుంది. జనవరిలో మా ట్రాలీతో రండి, కూలి ఇస్తాను, పని పట్టుబడ్డాకే లోను మాట ఆలోచించుకోండి. మీ నాన్నను మాత్రం ఆ మూడు రూపాయల మిత్తి అప్పు ఈ లోపల తేవద్దనండి.