లింక్డ్ లిస్టులో మొదటి నోడ్ తీసేస్తే హెడ్ ఎందుకు మారడం లేదు?

అందరికీ నమస్కారం. నేను బీటెక్ మొదటి సంవత్సరం, రెండో సెమిస్టర్. డేటా స్ట్రక్చర్స్ సీ భాషలో చెబుతున్నారు. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టింది కాలేజీకి వచ్చాకే. అర్రేలు, స్టాక్, క్యూ బాగానే అర్థమయ్యాయి. లింక్డ్ లిస్టు (ఒక్కో నోడ్, అంటే ఒక్కో డబ్బా, తన అంకెతో పాటు తర్వాతి నోడ్ అడ్రస్‌ని దాచుకునే వరుస) దగ్గర ఆగిపోయాను.

10, 20, 30 అని మూడు నోడ్లు పెట్టాను. 20 తీసేస్తే 10, 30 సరిగ్గా వస్తున్నాయి. 10 తీసేస్తే మాత్రం ఒక్కోసారి చెత్త అంకెలు, ఒక్కోసారి సెగ్మెంటేషన్ ఫాల్ట్ (ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుని ప్రోగ్రాం ఆగిపోవడం). డిలీట్ ఫంక్షన్‌కి హెడ్‌ని, అంటే మొదటి నోడ్ అడ్రస్ ఉండేదాన్ని, మామూలు పాయింటర్‌గానే పంపాను. లోపల దాన్ని రెండో నోడ్‌కి జరిపి, పాత నోడ్‌ని ఫ్రీ చేశాను. అక్కడే ప్రింట్ చేస్తే 20, 30 అని చక్కగా వస్తోంది. మెయిన్‌లోకి రాగానే హెడ్‌లో మళ్ళీ పాత అడ్రసే! నోట్‌బుక్‌లో డబ్బాలు, బాణాలు గీసి చూశాను. కాగితం మీద తప్పేమీ కనిపించలేదు.

ఫంక్షన్‌కి వెళ్ళేది హెడ్ కాపీ మాత్రమేనని, డబుల్ పాయింటర్ (పాయింటర్ అడ్రస్‌ని దాచుకునే పాయింటర్) పంపమని ఒక సీనియర్ అక్క చెప్పింది. అలా మారిస్తే పనిచేసింది. కానీ బట్టీ పట్టి రాయడం నాకు ఇష్టం లేదు, నిజంగా అర్థం కావాలి.

పాయింటర్ అంటేనే అడ్రస్ కదా, మరి కాపీ ఎలా అవుతుంది? 20 తీసేటప్పుడు ఈ ఇబ్బంది ఎందుకు రాలేదు? బొమ్మలో డబుల్ పాయింటర్ కోసం రెండో బాణం ఎక్కడ నుంచి ఎక్కడికి గీయాలి? డబుల్ పాయింటర్ బదులు కొత్త హెడ్‌ని రిటర్న్ చేస్తే సరిపోతుందా? వచ్చే వారం ట్రీలు మొదలుపెడతారట, అక్కడా ఇవే పాయింటర్లు అంటున్నారు, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు కాస్త బొమ్మతో వివరించండి, ప్లీజ్.